అమ్మమ్మ పట్టుచీరతో పెళ్లి లెహంగా: కత్తెర పెట్టేముందు

పాత పట్టుచీరను లెహంగా చేయించాలనుకుంటే డిజైన్ ఫొటోలు తర్వాత చూద్దురు. ఎంత గేరు (కింది చుట్టు వెడల్పు) వస్తది, కుట్టు ఎక్కడ పడొచ్చు అన్నది చీర ఎంత గట్టిగున్నదో దాన్ని బట్టే ఉంటది.

మడతలన్నీ విప్పి, కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఏళ్లకేళ్లు ఒకే మడతలో బీరువాలో ఉన్న చీరకు ఆ గీత వెంబడే పోగులు తెగుతయి. రెండు బొటనవేళ్లతో నిలువుగా, అడ్డంగా మెల్లగ లాగండి. చిట్‌మని చప్పుడైతే ఆ చోటు కుట్టు బరువు మోయదు. అక్కడ రంగుదారంతో గుర్తు కుట్టుకోండి. గద్వాల చీరైతే నూలుకు పట్టు అంచు కలిసే కుప్పడం అతుకును మొత్తం తడిమి చూడాలె. ఇంట్లో ఉతకొద్దు. రంగు దిగుతది, జరీ కాంతి పోతది. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చి, నీడలో ఆరేసి, వెనకవైపు నూలుగుడ్డ పరిచి ఇస్త్రీ చేయించండి.

ఇక కటింగ్. 46 అంగుళాల పన్నాలో 40 అంగుళాల పొడవు లెహంగా సుఖంగా వస్తది. నడుము 30 అంగుళాలనుకుంటే 12 కళీలు (పైన సన్నగ, కింద వెడల్పుగ ఉండే ముక్కలు): ఒక్కోటి పైన 3.5, కింద 12 అంగుళాలు, కుట్టు మార్జిన్ కలిపి. అంటే 144 అంగుళాల చీర, నాలుగు గజాలు. కొంగు ముట్టకుండనే సరిపోతది. గుడ్డ కలిసొస్తదని కళీలు తలకిందులుగ ఇరికించొద్దు, అంచు నడుముకు పోతది. ఫాల్ కుట్టిన అంచు నేల రాసుకొని అరిగి ఉంటది. రెండు అంచులూ ఒక్క తీరుగ ఉండి, బుటాలకు తలకిందుల తేడా లేకపోతే, పై అంచునే కిందికి తెచ్చుకోండి.

చాలామంది దర్జీలు పట్టించుకోని సంగతి ఒకటుంది. నేసిన అంచును గుండ్రంగ కోయలేం కాబట్టి కళీ అడుగు సమంగనే ఉంటది. ఏటవాలు పక్కలు మధ్యభాగం కంటే పావు అంగుళం పొడుగై, కుట్ల దగ్గర కిందికి జారి కనిపిస్తయి. అందుకే పైన నడుము గీతను రెండు పక్కలా పావు అంగుళం దించి గీయాలె.

ప్రతి కళీ వెనక మల్‌మల్ గుడ్డ పెట్టి కచ్చాకుట్టు వేసినంకనే కళీలు కలపాలె. ఆ మల్‌మల్ ముందే నీళ్లల్ల నానబెట్టి ఆరేసిందై ఉండాలె, లేకుంటే తర్వాత కుంచించుకుపోయి పట్టు ముడతలు పడ్తది. ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే గుడ్డ) అతికిస్తే పని తొందరగ అయితది కానీ, పాత పట్టు మీద బుడగలు లేస్తయి. 11 నంబర్ సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు వాడమనండి. కుట్టు చిన్నదైతే రంధ్రాలు దగ్గరపడి, గీత పొడుగునా చిరుగుతది. క్యాన్‌క్యాన్ (గేరు ఉబ్బుగ నిలిచేందుకు లోపల వేసే గట్టి నెట్) అస్తరుకే కుట్టించండి, దాని బరువు పట్టు మీద పడొద్దు. కళీలు కలిపినంక ఒక రాత్రి వేలాడదీసి, సాగేది సాగినంకనే నడుము బెల్టు వేయాలె.

మగ్గం వర్కు (ఎంబ్రాయిడరీ) కావాలంటే పాత పట్టును ఫ్రేముకు బిగించొద్దు. కొత్త రాసిల్కు మీద వర్కు చేయించి, ఆ ముక్కను కోసి, లెహంగా మీద చేత్తో కుట్టించుకోండి. చంకల దగ్గర చెమట, లాగుడు ఎక్కువ కాబట్టి జాకెట్టు కూడ కొత్త గుడ్డతోనే; చీర రెండో అంచు చేతులకు అందం. కొంగును నెట్ దుపట్టా మీద వేయొచ్చు.

దీన్ని ఎదుర్కోళ్లకో రిసెప్షన్‌కో కట్టుకోండి. జీలకర్రబెల్లం, తలంబ్రాల వేళ మాత్రం వద్దు, పట్టు మీద పడ్డ పసుపు మరక పోవుడు కష్టం.