మూడు తులాల పిట్ట

మా గింజ బాగున్నప్పుడు దాని బరువు సరిగ్గా మూడు తులాలు. ఇప్పుడు అంగళ్లలో చెప్పుకునే పది గ్రాముల తులం కాదు, మా నాయన కాలపు తులం, 11.66 గ్రాములది. అంటే 35 గ్రాములకు వెంట్రుకవాసి తక్కువ. నేను కంసాలిని, ప్రొద్దుటూరు మాది. మా ఇళ్లలో పిల్లలకు ఏ వస్తువు దొరికినా కాటా మీద పెట్టి చూడడం ఒక ఆట. నాలుగేళ్ల కిందట పిట్టను తెచ్చిన రోజే మా పాప దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో వేసి తూచింది. మా నాయన పక్కనే కూర్చుని, "తులానికి తొంభై ఆరు గురివింద గింజలు. మూడు తులాలంటే రెండు నూర్ల ఎనభై ఎనిమిది" అని నోటిలెక్క చెప్పినాడు. ఆ రోజు నుంచి దాని పేరు గురివింద. పిలిచేది గింజ అని.

పచ్చటి ఒళ్లు, పసుపు ముఖం, ముక్కు మీద నీలం. నీలం ఉంటే మగది. మా ఊళ్లో వీటిని అందరూ లవ్‌బర్డ్స్ అంటారు, అమ్మేవాళ్లూ అదే అంటారు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, వేరే జాతి. ఇవి బడ్జీలు, ఆస్ట్రేలియా ఎండు నేలల పిట్టలు. అంగడాయనకు ఈ మాట ఒకసారి చెప్పి చూశాను. "పేరు మారిస్తే రేటు మార్తాదా అన్నా?" అన్నాడు. ఇంక వదిలేశాను.

పంజరం ముందు గదిలో, అంటే పని జరిగే గదిలోనే, నాయన కూర్చునే చోటికి పైన తగిలించాం. ఆయనకు పొద్దు పోవడానికి అదే తోడు. మగ బడ్జీలు విన్నదాన్ని అనుకరిస్తాయి. మాటలు మా గింజకు పెద్దగా రాలేదు కానీ దాయి మీద సుత్తి చప్పుడు వచ్చింది, ఊదుగొట్టం 'ఉస్స్' వచ్చింది. తర్వాత నాయన దగ్గు వచ్చింది. రెండు చిన్న దగ్గులు, ఆగి ఒక పెద్దది, చివర గొంతు సవరింపు. అచ్చు ఆయనే. నాయన ఉన్నన్నాళ్లూ ఇద్దరూ పోటీ పడి దగ్గేవాళ్లు, మేం నవ్వుకునేవాళ్లం.

రెండేళ్ల కిందట ఉగాదికి ముందు నాయన పోయినాడు. పిట్ట మాత్రం దగ్గుతూనే ఉంది. మొదట్లో ఆ దగ్గు వినబడినప్పుడల్లా మా అమ్మ వంటింట్లోంచి గడప దాకా వచ్చి, నిలబడి, వెనక్కి పోయేది. తర్వాత తర్వాత బియ్యం చేట తెచ్చుకుని ఆ పంజరం కిందే కూర్చుని రాళ్లు ఏరేది.

ఇంత వెనకటి కత ఎందుకు చెప్పానంటే, పోయిన నవంబరులో నేను చేసిన తప్పు దీన్లోనే ఉంది.

పెళ్లిళ్ల కాలం. రాత్రి పదకొండు దాకా కుంపటి ముందే. ఆ వారం గింజ దగ్గు ఎక్కువైంది. నేనేమో సంబరపడ్డాను. "నాయనను తల్చుకుంటాంది" అని ఇంట్లో చెప్పాను. ఒకరోజు వీడియో తీసి హైదరాబాదులో ఉన్న చెల్లెలికి పంపితే అది ఫోన్ చేసి ఏడ్చింది. అదే వీడియో మా పిట్టలోళ్ల వాట్సాప్ గుంపులో కూడా పెట్టాను, గొప్పకు.

ఆ గుంపు గురించి ఒక మాట. కడపలో పావురాలు పెంచే ఒక మామ మొదలుపెట్టినాడు. నలభై మందిమి ఉంటాం. పాల వ్యాపారం చేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, అనంతపురంలో రిటైరైన ఒక టీచరమ్మ, బెంగుళూరు సాఫ్ట్‌వేర్ పిల్లోళ్లు, కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసే మా జిల్లా భాయి ఒకడు. కొత్తగా చేరినవాళ్లు రామచిలుక ఫోటో పెడితే టీచరమ్మ వెంటనే 1972 వన్యప్రాణి చట్టం తీసి చదివిస్తుంది. ఆమెకు భయపడి ఇద్దరు గుంపులోంచే పోయినారు.

నా వీడియోకు బొమ్మల దండాలూ చప్పట్లూ వచ్చాయి. గంట తర్వాత కువైట్ భాయి రాసినాడు: "అన్నా, దగ్గు వినొద్దు. సౌండు తీసేసి తోక చూడు."

తీసేసి చూశాను. దగ్గు లేకపోయేసరికి అక్కడ నాయన లేడు. కొమ్మ మీద ఒళ్లంతా ఉబ్బరించుకుని, కళ్లు సగం మూసుకున్న ఒక చిన్న పిట్ట ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ కొట్టుకుంటోంది, చేతిపంపు పిడి లాగా. మళ్లీ సౌండు పెట్టి లెక్కబెట్టాను. రెండు చిన్నవి, ఒక పెద్దది కాదు. అన్నీ చిన్నవే. 'టిక్, టిక్' అని తడి చప్పుడు. నాలుగు రోజులుగా ఆ పిట్టకు నిజంగానే ఊపిరాడడం లేదు.

పక్షులు జబ్బును దాచుకుంటాయట. గుంపులో నీరసంగా కనబడితే గద్ద కన్ను ముందు దాని మీదే పడుతుంది కాబట్టి, చివరి దాకా బాగున్నట్టే ఉంటాయి. బయటికి కనబడిందంటే అప్పటికే చాలా దూరం పోయినట్టు. ఇది నాకూ తెలుసు, ఎవరికో నేనే చెప్పాను కూడా. మా ఆవిడ తర్వాత ఒక మాటన్నది: "గురివింద గింజకు దాని కింద నలుపు తెలీదంట. పెంచినోనికీ తెల్లేదు."

అప్పటికప్పుడు కాటా తీశాను. డబ్బా పెట్టి, సున్నా చేసి, పిట్టను దించాను. మా కాటా మిల్లీగ్రాము చూపిస్తుంది. పిట్ట ఊపిరికి చివరి అంకెలు నిలవవు, ఆడుతూనే ఉంటాయి. నిలిచిన దగ్గర 29.6. బంగారంలో అయిదు గ్రాములు తగ్గితే ఇల్లంతా తిరగేసి, నేల ఊడ్చిన దుమ్ము కూడా కడిగి వెతుకుతాం. ఇది నా తల పైనే, నా కళ్ల ముందే తగ్గింది. రొమ్ము మీద వేలు పెడితే ఛాతీ ఎముక కత్తి అంచులాగా తగిలింది.

గుంపులో సలహాలు మొదలయినాయి. ఒకాయన బ్రాందీ చుక్క వెయ్యమన్నాడు. ఒకాయన వెల్లుల్లి అన్నాడు. టెట్రాసైక్లిన్ గొట్టం మాత్ర విప్పి నీళ్లలో కలపమన్నవాళ్లు ఏకంగా ఆరుగురు. ఊళ్లో మందుల అంగడిలో అడిగితే కోళ్లకు వాడే పొడి ఒకటి ఇచ్చి వాళ్లూ నీళ్లలోనే కలపమన్నారు. టీచరమ్మ రాత్రి ఫోన్ చేసి నన్ను ఆపింది.

"ఏం నాయనా, అది రోజుకు ఎన్ని నీళ్లు తాగుతాదో ఎప్పుడన్నా చూసినావా? ఎడారి పిట్ట అది. జబ్బు పిట్ట ఇంకా తక్కువ తాగుతాది. నీళ్లు చేదైతే అసలే ముట్టదు. దాని మందు మాట పొద్దున డాక్టరు చూసుకుంటాడు. ఈ రాత్రికి నువ్వు చేయాల్సింది వెచ్చగా ఉంచడం."

పంజరం ఒక పక్కన అరవై వాట్ల బల్బు పెట్టాలి, మూడు పక్కలా దుప్పటి కప్పాలి, నాలుగో పక్క వదలాలి. వేడి ముప్పై డిగ్రీల దగ్గర ఉండాలి. పిట్టకు ఎక్కువనిపిస్తే అవతలి మూలకు జరిగే చోటు ఉండాలి. ఒళ్లు కాచుకోవడానికి పోయే బలం మిగిలితే అదే జబ్బుతో పోరాడుతుందని ఆమె చెప్పింది. సరే, బల్బు ఎక్కడుంది? ఇల్లంతా ఎల్‌ఈడీలే, వాటికి వెలుతురే కానీ వేడి పెద్దగా ఉండదు. రాత్రి తొమ్మిదిన్నరకు మా సందు చివర ఎలక్ట్రికల్ అంగడాయన షట్టరు దించుతుంటే పట్టుకున్నాను. ఆయన నవ్వి, అటక ఎక్కి, దుమ్ము పట్టిన అట్టపెట్టెలోంచి రెండు పాత బల్బులు తీసిచ్చినాడు. డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి ఒంటిగంటకు కువైట్ భాయి మళ్లీ. "అన్నా, పంజరం యాడ కట్టినావు?"

పని గదిలో అని రాశాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఫోనే చేసినాడు. వాళ్ల యజమాని ఇంట్లో వంటమనిషి నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టి మరిచిపోయిందట. పెనం మాడింది. మనుషులకు వాసన తప్ప ఏమీ కాలేదు. వంటింటి పక్క గదిలో ఉన్న చిలుక మాత్రం కాసేపట్లోనే కింద పడి పోయిందట. "మనకు పొగ, దానికి విషమన్నా. నువ్వు యాసిడ్ వాడతావు కదా?"

వాడతాను. ఆ ముందటి శనివారమే ఒకామె పాత నగలు శుద్ధికి ఇస్తే గాజు గిన్నెలో యాసిడ్ పోసి కిటికీ దగ్గర పెట్టాను. అందులో రాగి కరిగేటప్పుడు ఎర్రటి పొగ లేస్తుంది. అది గొంతు పట్టేస్తుందని తెలుసు కాబట్టి నేను ముఖం తిప్పుకుని, తువాలు అడ్డం పెట్టుకుని, బయట అరుగు మీద కూర్చున్నాను. పిట్ట లోపలే ఉంది.

పొద్దున్నే పశువైద్య కళాశాలకు పోయాం. మా ఊళ్లోనే ఉండడం మా అదృష్టం. అక్కడ బర్రెల వరసలో నేను, నా ఒళ్లో గుడ్డ కప్పిన పంజరం. "అన్నా, ఎంత పాలిస్తాది?" అని ఒక కుర్రోడు ఎకసెక్కం. లోపల డాక్టరు చిన్న వయసాయన. ముందు పట్టుకోలేదు, పంజరం బల్ల మీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే చూసినాడు. తర్వాత ఎట్లా పట్టుకోవాలో నాకు చూపించినాడు. తల చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ, అరచేయి ఒట్టి గిన్నెలాగా. ఛాతీ మీద ఒత్తిడి పడకూడదు. మనలాగా పక్షికి ఊపిరాడించే పొర లేదు, ఛాతీ ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి. బిగించి పట్టుకుంటే చేతిలోనే పోతుంది.

మనం ఊపిరి వదిలేటప్పుడు తిత్తుల్లోకి తాజా గాలి రాదు. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులున్నాయి, తీసినప్పుడూ వదిలినప్పుడూ కూడా తాజా గాలి తిత్తుల్లోంచి పోతూనే ఉంటుంది. ఎగరడానికి ఆ ఏర్పాటు. గాలితో పాటు విషమూ అంతే చురుగ్గా ఎక్కుతుంది. ఇంగ్లండు బొగ్గు గనుల్లో 1986 దాకా కేనరీ పిట్టల్ని లోపలికి తీసుకుపోయేవాళ్లట, మనుషుల కంటే ముందు వాటికే తెలుస్తుందని. డాక్టరు ఇది చెబుతూ మధ్యలో ఆగి, "మీ గదిలో ఎవరికైనా దగ్గుందా?" అని అడిగినాడు.

నాకు వెంటనే మాట రాలేదు. మా నాయన కేడీఎం కాలం మనిషి. టంకానికి కాడ్మియం కలిపి, కుంపటి మీదికి వంగి, ముప్పై ఏళ్లు ఊదినాడు. ఆయన దగ్గుకు మేం పెట్టిన పేరు బీడీ దగ్గు. బీడీ మానేసిన పన్నెండేళ్ల తర్వాత కూడా అదే పేరు.

డాక్సీసైక్లిన్ చుక్కల మందు రాసినాడు. సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజీతో, ముక్కు పక్క నుంచి, ఒక్కొక్క చుక్కా మింగనిచ్చి పట్టాలి. తొందరపడితే ఊపిరి గొట్టంలోకి పోతుంది. పంజరంలోంచి సముద్రపు నురుగు, అంటే పిట్టలు కొరుక్కునే కటిల్‌బోన్ ముక్క, తీసెయ్యమన్నాడు. దాన్లోని సున్నం ఈ మందును పట్టేసుకుంటుందట, ఒంటికి ఎక్కనివ్వదట. గుంపులో ఒకాయన బలానికి అదే ఇంకో ముక్క పెట్టమన్నాడు, పెట్టాను కూడా. ఇంటికి రాగానే రెండు ముక్కలూ తీశాను. చివరగా డాక్టరు, "ఇంట్లో నెబ్యులైజర్ ఉందా?" అన్నాడు.

ఉంది. నాయనది. బీరువా మీద, అట్టపెట్టెలోనే. అమ్మే దించి ఇచ్చింది. గొట్టం, గిన్నె వేడినీళ్లలో కడిగి, గింజను చిల్లుల డబ్బాలో పెట్టి, ఉత్త సెలైన్ పోసి ఆన్ చేశాను. ఆ మోటారు చప్పుడు రెండేళ్ల తర్వాత మా ఇంట్లో మోగింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. నాయనకు పెట్టేటప్పటి వేళలే. అమ్మ డబ్బా పక్కన కూర్చుని "తీసుకో, ఊపిరి తీసుకో" అనేది. ఎవరితో అంటున్నదో మేం అడగలేదు.

బరువు రోజూ పొద్దున, గింజలు పెట్టక ముందు. మా పాప నా ఆర్డర్ల పుస్తకంలోనే వెనక పేజీలో రాసింది. 29.6. 28.9. ఆ రోజు నేను పనిలో కూర్చోలేకపోయాను. 28.8. 29.3. ఆరో రోజు 30.1. ఆ రోజు ఫోటో తీసి గుంపులో పెడితే కడప మామ పావురాల్ని ఎగరేసి ఆ వీడియో పంపినాడు. నానబెట్టిన కొర్రలు నా వేలి మీంచే తిన్నది ఎనిమిదో రోజు.

పంజరం ఇప్పుడు నడవలో, తులసికోట వైపు. పని గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను, యాసిడ్ పని మిద్దె మీదికి మార్చాను. ఫ్యాను బిగిస్తుంటే మా ఆవిడ వాకిట్లో నిలబడి, "పదేండ్ల నుంచి నేను చెప్తాండా. మనిషి చెప్తే వినవు, పిట్ట చెప్తే వింటివి" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. బెంగుళూరు పిల్లోడొకడు మంచి మాస్కు రెండు కొని పంపినాడు. ఒకటి వాడుతున్నాను, ఇంకొకటి పక్కింటి కంసాలికిచ్చాను. ఆయన దాన్ని మేకుకు తగిలించుకున్నాడు.

నెలన్నర పాటు గింజ గొంతు విప్పలేదు. సుత్తి చప్పుడు లేదు, ఊదుగొట్టం లేదు. సంక్రాంతి దాటినాక ఒక పొద్దున నేను తీగ లాగుతుంటే నడవలోంచి వినబడింది. రెండు చిన్నవి. ఆగి, ఒక పెద్దది.

పటకారు పడేసి పరిగెత్తాను. నాకంటే ముందే అమ్మ అక్కడుంది, కళ్లద్దాలు పెట్టుకుని పంజరానికి ముఖం ఆనించి.

"తోక చూస్తివా మా?"

"చూస్తాండా. కదల్లా."

అయినా తూచాం. 34.2.