నాలుగు పసుపు గీతల ఇవతల

విశాఖలో ప్రయాణికుల విమానాలు దిగినా ఎగిరినా 10/28 రన్‌వే మీదే; 10, 28 అనేవి దాని రెండు కొసల పేర్లు. పొడవు సుమారు 3 కిలోమీటర్లు. ఈ స్థలం నౌకాదళానిది, పేరు ఐఎన్‌ఎస్ డేగ. టవర్‌లో కూర్చునేదీ నౌకాదళ కంట్రోలర్లే. ఎయిర్‌బస్‌లు, ఏటీఆర్‌లు, డోర్నియర్లు, హాక్ జెట్లు, హెలికాప్టర్లు, రన్‌వే తనిఖీ జీపులు తిరిగేదంతా ఈ ఆవరణలోనే. విమానాలు ఒకదానికొకటి ప్రమాదకరంగా దగ్గరయ్యేది గాల్లోనే అనుకుంటాం గానీ, నేల మీద నడిచే ఆ కొద్ది నిమిషాలూ అంతే జాగ్రత్తగా గడవాలి.

అన్నిటికంటే ముందు తెలియాల్సింది హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కేముందు ఆగాల్సిన చోటు) దగ్గరి గీతలు. టాక్సీవేకి, అంటే రన్‌వేకి వచ్చిపోయే దారికి, అడ్డంగా నాలుగు పసుపు గీతలుంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు మనవైపు ఉంటే అనుమతి లేనిదే దాటకూడదు. తెగిన గీతలు మనవైపు ఉన్నాయంటే మనం రన్‌వే వైపు ఉన్నాం, దాటి బయటికి వచ్చేయాలి. ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో దిగే దారి చూపే వ్యవస్థ) ఉన్న పెద్ద రన్‌వేకి ఈ గీతలు నడిమి గీత నుంచి కనీసం 90 మీటర్ల దూరంలో ఉంటాయి. ఏ321 పొడవు 44.5 మీటర్లు. అంటే ముక్కు గీత దాటాక కూడా విమానం ఇంకో 45 మీటర్లు నడిస్తే తప్ప తోక బయటపడదు. ముక్కు దాటగానే ‘రన్‌వే ఖాళీ’ అని చెప్పేయడం చాలా చోట్ల కనిపించే తప్పు. వెనక 140 నాట్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు 72 మీటర్లు తింటుంది. నాలుగు నాటికల్ మైళ్ల దూరంలో ఉందంటే దానికి పట్టేది నిమిషం నలభై సెకన్లే.

గీత పక్కన ఎర్రని బోర్డు మీద తెల్లని అంకెలుంటాయి. ‘10-28’ అని ఉంటే ఎడమ చేతివైపు 10 కొస, కుడివైపు 28 కొస. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు దారి చూపిస్తాయి. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం మనం నిలబడిన టాక్సీవే పేరు. వానాకాలం రాత్రి ల్యాండింగ్ లైట్ల వెలుగులో తడి కాంక్రీటు మెరిసి గీతలు మాయమవుతాయి. అప్పుడు ఈ బోర్డులే దిక్కు. గీత దగ్గరి ఎర్ర లైట్ల వరుస, స్టాప్ బార్, వెలుగుతుంటే కంట్రోలర్ నోటితో అనుమతి ఇచ్చినా దాటకూడదు, లైటు ఎందుకు ఆరలేదని అడగాలి.

టాక్సీ, అంటే నేల మీద విమానాన్ని నడిపే పని, విమానం నిలిపి ఉంచే స్టాండ్ దగ్గరే మొదలవుతుంది. చార్ట్ తెరిచి ఏ టాక్సీవే, ఎక్కడ మలుపు, ఎక్కడ ఆగాలి అని ఇద్దరు పైలట్లూ వేలు పెట్టి చూసుకోవాలి. క్లియరెన్స్‌ను, అంటే కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని, కాగితం మీద రాసుకోవాలి. ‘హోల్డ్ షార్ట్’ (రన్‌వేకి ఇవతలే ఆగు), ‘క్రాస్’ (దాటు), ‘బ్యాక్‌ట్రాక్’ (రన్‌వే మీద ఎదురు దిశలో నడువు), ‘లైనప్’ (రన్‌వే ఎక్కి నిలబడు) మాటల్ని రన్‌వే నంబరుతో, మన కాల్‌సైన్‌తో (రేడియోలో విమానం పేరు) కలిపి తిరిగి చెప్పి తీరాలి. ‘రోజర్’ అంటే చాలదు. ఒకే కంపెనీవి 512, 521 లాంటి నంబర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నప్పుడు కంట్రోలర్ హెచ్చరించాలి, పైలట్ అంకెల్ని విడివిడిగా పలకాలి.

అయితే ఈ తిరిగి చెప్పడం, రీడ్‌బ్యాక్, సరిగా వచ్చినంత మాత్రాన మనసులో కూడా అదే ఉందనుకోకూడదు. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో కోస్ట్ గార్డ్ విమానానికి సీ5 హోల్డింగ్ పాయింట్ వరకు రమ్మని, వరుసలో ‘నంబర్ వన్’ అని చెప్పారు. పైలట్ సరిగ్గానే తిరిగి చెప్పి, గీత దాటి రన్‌వే మీద దాదాపు 40 సెకన్లు నిలబడ్డాడు. దిగుతున్న ఏ350 ఢీకొట్టింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, చిన్న దాంట్లో ఐదుగురు చనిపోయారు. ‘నంబర్ వన్’ అంటే వరుసలో ముందున్నావని మాత్రమే. రన్‌వే ఎక్కమని కాదు.

కదులుతున్నప్పుడు ఒకరి తల ఎప్పుడూ బయటికే ఉండాలి. ఎఫ్‌ఎమ్‌ఎస్‌ (విమానం దారి లెక్కలు చూసే కంప్యూటర్)లో రన్‌వే మార్చాల్సి వస్తే విమానాన్ని ఆపి మార్చడం మేలు. తిన్నని దారిలో 30 నాట్లు మించకూడదు, మలుపులో 10.

దారి తప్పామన్న అనుమానం వస్తే ఆగి చెప్పాలి. కాకపోతే రన్‌వే మీద ఉన్నామనిపిస్తే ఆగడం కాదు, చెబుతూనే బయటికి రావాలి. 2001 అక్టోబర్ 8న మిలాన్ లినాటేలో పొగమంచులో సెస్నా అనే చిన్న జెట్ ఒకటి ఆర్5 టాక్సీవేకి బదులు ఆర్6 పట్టింది. పైలట్లు ఎస్4 అనే గుర్తు దగ్గర ఉన్నామన్నారు. ఆ గుర్తు ఎక్కడుందో కంట్రోలర్‌కు తెలియదు, గ్రౌండ్ రాడార్ పనిచేయడం లేదు. సెస్నా రన్‌వే మీదికి చేరి, టేకాఫ్ అవుతున్న విమానానికి అడ్డంపడింది. 118 మంది పోయారు. ఎక్కడున్నారో తేలని విమానాన్ని కంట్రోలర్ ఒక్క అడుగు కదలనివ్వకూడదని అప్పటి నుంచి మరీ గట్టిగా చెబుతున్నారు.

రన్‌వే ఎక్కేముందు ఇద్దరూ ఎడమా కుడీ చూసి, ఫైనల్ మీద (దిగడానికి రన్‌వేకి తిన్నగా వచ్చే దారిలో) ఎవరూ లేరని పైకి అనుకోవాలి. ఎక్కాక హెడింగ్, అంటే ముక్కు ఎటు ఉందో, చూడాలి. 10 మీద ఉంటే దిక్సూచి 100 డిగ్రీల దగ్గర, 28 మీదైతే 280 దగ్గర ఉండాలి. స్ట్రోబ్‌లు (మెరిసే తెల్ల లైట్లు) రన్‌వే ఎక్కేటప్పుడే వెలిగించాలి, ల్యాండింగ్ లైట్లు టేకాఫ్ క్లియరెన్స్ వచ్చాక. ‘టేకాఫ్’ అనే మాటే ఆ క్లియరెన్స్ ఇవ్వడానికో రద్దు చేయడానికో తప్ప వాడకూడదన్న నియమం 1977 మార్చి 27న టెనెరిఫేలో 583 మంది మరణించాక బలపడింది. అక్కడ ఒక జంబో టేకాఫ్ మొదలుపెట్టగా, రెండు రేడియో ప్రసారాలు ఒకదానిమీద ఒకటి పడి, రెండో జంబో ఇంకా రన్‌వే మీదే ఉందన్న సంగతి కీచుధ్వనిలో కలిసిపోయింది.

టవర్‌లో కూడా చిన్న అలవాటొకటి ప్రాణాలు కాపాడుతుంది. తనిఖీ జీపు రన్‌వే ఎక్కగానే స్ట్రిప్ బోర్డు (ఏ విమానం ఎక్కడుందో చీటీలతో చూపే పలక)లోని రన్‌వే గడిలో దాని గుర్తు పెట్టాలి. జీపు గీత దాటానని చెప్పేదాకా తీయకూడదు. ఎవరూ లేరనిపించే ఖాళీ వేళల్లోనే ఇది మరిచిపోతారు.

ఇక రెక్కలు. ఏ320 నియో రెక్కల వెడల్పు, కొస నుంచి కొసకు, 35.8 మీటర్లు. స్టాండ్‌లో పక్క వస్తువుతో ఉండాల్సిన ఖాళీ 4.5 మీటర్లు. వెనక్కి వాలిన రెక్క కొస, మలుపు తిరిగేటప్పుడు అనుకున్న దానికంటే బయటికి ఊగుతుంది. 2024 మార్చి 27న కోల్‌కతాలో, రన్‌వే ఎక్కడానికి ఆగి ఉన్న విమానం రెక్కకు టాక్సీ చేస్తున్న మరో విమానం రెక్క తగిలింది. కంటి అంచనాను నమ్మొద్దు. సందేహం ఉంటే పార్కింగ్ బ్రేక్ వేసి, రెక్క కొసన నడిచే మనిషిని పంపమని అడగాలి. అతను వచ్చి నిలబడి బొటనవేలు చూపేదాకా ఆ బ్రేక్ తీయకూడదు.