టెర్లింగువాలో నాన్నకి దొరికిన బాయి

టెక్సాస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్ ట్రిప్ గురించి రాద్దామని కూర్చున్నా గానీ శాంటా ఎలీనా కేన్యన్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, 1500 అడుగుల గోడలు, మధ్యలో రియో గ్రాండే, అవతల మెక్సికో, ఆ ఫొటోలు అందరి దగ్గరా ఉన్నవే. నాకు మిగిలింది అంతకుముందు రోజు పార్కు బయట పాడుబడ్డ ఊరు టెర్లింగువాలో గడిపిన సాయంత్రం.

థాంక్స్‌గివింగ్ సెలవులు, డల్లాస్ నుంచి పది గంటల డ్రైవ్, వెనక సీట్లో అమ్మా నాన్నా. ఆల్పైన్ దాటి 118 హైవే మీద 80 మైళ్లు మనిషన్నవాడు కనపడడు. "ఇంత దూరం వచ్చింది రాళ్లు చూడ్డానికా, మన ఇల్లందు గుట్టలకేమైంది" అని నాన్న ఒకటే సణుగుడు. పార్కులో రూములు దొరక్క బయట మోటెల్‌కి రాత్రికి 240 డాలర్లు పోస్తే షవర్లో నీళ్లు నూలుపోగులా వచ్చాయి, దాంతో నా మూడ్ కూడా పోయింది.

టెర్లింగువా ఊరంటే కప్పుల్లేని రాతి గోడలు, మట్టిటుక గోడలు, మధ్యలో కంచె వేసిన గుంటలు. ఒకదాని మీద ఇనప జాలీ ఉంది. నాన్న ఆగిపోయాడు. "ఇది బాయి కదరా!" బాయంటే గని, సింగరేణి మాట.

సింగరేణిలో 34 ఏళ్లు షాట్‌ఫైరర్‌గా, అంటే గనిలో మందు పెట్టి పేల్చే పని, చేసి కొత్తగూడెంలో రిటైరైన మనిషి. గులకరాయి ఒకటి జాలీలోంచి వదిలి, తల పక్కకి వంచి చెవి పెట్టి విన్నాడు. అప్పట్నుంచి సణుగుడు బంద్.

ఇక్కడ తవ్వింది సిన్నబార్, అంటే పాదరసం ఉండే ఎర్ర రాయి అని చెప్పా. "ఇంగిలీకం అను, మా తాత మందుల్లో వేసేవాడు" అన్నాడు. షికాగో వ్యాపారి హోవర్డ్ పెర్రీ 1903లో చిసోస్ మైనింగ్ కంపెనీ పెట్టాడు, గుట్ట మీద ఆయన బంగళా మొండి గోడలతో ఇంకా ఉంది. రాయిని బట్టీలో కాలిస్తే వచ్చే ఆవిరిని చల్లార్చి పాదరసం పట్టి ఇనప సీసాల్లో నింపేవాళ్లు, ఒక్కో సీసాలో 76 పౌండ్లు. చూడబోతే రెండున్నర లీటర్లే, ఎత్తబోతే నడుం విరిగిపోద్ది. మొదటి ప్రపంచ యుద్ధంలో డిటోనేటర్లకి దీని గిరాకీ మామూలుగా లేదట, ఆ మాట వినగానే నాన్న మొహం వెలిగిపోయింది. పనిచేసిన వాళ్లంతా చాలావరకు మెక్సికో వాళ్లే, జీతమిచ్చేదీ కంపెనీయే, సరుకులమ్మేదీ కంపెనీయే. బట్టీ దగ్గరుండే వాళ్లకి ఆ ఆవిరికి పళ్లు కదిలిపోయేవని చెబితే మాత్రం ఏం మాట్లాడలేదు. 1942లో కంపెనీ దివాలా తీసింది, తర్వాత కొన్నేళ్లకే అంతా ఖాళీ.

ఇప్పుడు మళ్లీ కొంతమంది ఉంటున్నారు గానీ ఊరికి మేయర్ లేడు, కౌన్సిల్ లేదు, ఏం కావాలన్నా ఆల్పైన్‌లో ఉన్న కౌంటీ ఆఫీసే దిక్కు. "పంచాయతీ కూడా లేదా? మరి తగువులొస్తే?" నా దగ్గర జవాబు లేదు.

శ్మశానంలో అన్నీ రాళ్ల కుప్పలు, వాలిపోయిన చెక్క శిలువలు, సగం వాటికి పేర్లే లేవు. 1918 ఫ్లూలో పోయినవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. సమాధుల మీద చిల్లర నాణేలు, ఖాళీ సీసాలు, కరిగిపోయిన కొవ్వొత్తులు. నవంబర్ 2న పోయినవాళ్ల పండగకి జనం వచ్చి వెలిగిస్తారని చెప్పా. "మన పెత్రమాస లాగన్నమాట" అంటూ గొంతుక్కూచుని, పక్కకి పడిన ఒక కొవ్వొత్తి గ్లాసుని నిలబెట్టి చుట్టూ రాళ్లు సర్దాడు. గాలి తగలకుండా, తీరిగ్గా.

ఈ ఊరు చిల్లీకి ఫేమస్, 1967 నుంచి వంట పోటీలు కూడా జరుగుతున్నాయి. కానీ చిల్లీ అంటే మిరపకాయ కాదు, బీఫ్ కూర. అందుకని పార్కింగ్‌లో కారు బానెట్ మీద అమ్మ చేసిన పులిహోరే గతి అయింది. నాన్న రెండోసారి పెట్టించుకుంటూ, "రేపు ఆ కేన్యనేదో మీరిద్దరూ చూసి రండి, నన్ను ఇక్కడ దింపి పొండి" అన్నాడు.