నాడి లెక్కపెట్టుకుంటూ కూర్చున్న నాన్న

నాన్నకు గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఇంటికి తీసుకొచ్చిన మూడో రాత్రి, రెండింటికి మంచినీళ్లకని లేస్తే హాల్లో జీరో బల్బు వెలుతురులో సోఫా అంచున కూర్చుని ఉన్నారు. ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు, చూపు గోడ గడియారం మీద. పెదాలు కదులుతున్నాయి, నాడి లెక్కపెట్టుకుంటున్నారు. పడుకోండి నాన్నా అంటే, "నిద్రలో ఆగిపోతే ఎవరికి తెలుస్తుందిరా?" అన్నారు.

ఆ తర్వాత పగలంతా బీపీ మిషన్ పట్టీ పర్రుమని ఊడే చప్పుడే. ఒక్కరోజు నోట్‌బుక్‌లో 17 రీడింగులు రాశారు! భయంతో చూసుకుంటే బీపీ పెరుగుతుంది, పెరిగిందని మళ్లీ చూసుకుంటారు. మౌలాలి గుట్ట మెట్లు ఎక్కిన మనిషి మా రెండో అంతస్తుకి కూడా లిఫ్ట్ కోసమే నిలబడేవారు. మేమూ తక్కువ తినలేదు, "నాన్నకు టెన్షన్ పెట్టకండి" అంటూ ఇంట్లో అందరం గుసగుసలే.

రివ్యూకి వెళ్తే ఎకో (గుండె స్కాన్) బాగుందన్నారు, మాత్రలు రాశారు, అంతే. భయంగా ఉందా అని ఎవరూ అడగలేదు, అదే నా బాధ. వేరే డాక్టరు దగ్గర మాత్రం జీఏడీ-7 అని ఏడు ప్రశ్నలు అడిగారు, గత రెండు వారాల్లో ఆందోళన ఎంత ఉందో 21కి మార్కులు వేసే పద్ధతి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలట, నాన్నకు 15 వచ్చాయి. ఆ గదిలోనే ఏడ్చేశారు.

భయపడితే అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల గుండె దడదడలాడుతుంది, ఛాతీ పట్టేస్తుంది, అచ్చం ఎటాక్‌లాగే ఉంటుంది. అందుకే కొత్తగా ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసం వస్తే టెన్షన్ అని ఇంట్లోనే తేల్చేయకండి, 108కి ఫోన్ చేయండి. కానీ పరీక్షలన్నీ బాగున్నా భయం పోకపోతే దానికీ వైద్యం ఉంది. కౌన్సెలింగ్, అవసరమైతే మందులు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పండి, కొన్ని ఆందోళన మందులతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాన్న ఇప్పుడు బీపీ పొద్దున ఒక్కసారే చూసుకుంటున్నారు. కొన్ని రాత్రులు ఇంకా లేస్తారు, కాకపోతే ఒక్కరే కూర్చోకుండా వచ్చి నన్ను తట్టి లేపుతారు.