తలకోనలో గిల్లతీగ

"చెట్టు కాదన్నా, తీగ అది" అన్నాడు గైడ్. నమ్మబుద్ధి కాలేదు. నా తొడంత లావుంది!

మెలికలు తిరుగుతూ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకిపోయింది. మొదలెక్కడో చివరెక్కడో ఎంత మెడ రిక్కించినా తేల్లేదు. పైన వేలాడే కాయలు ఒక్కోటీ మూరెడు పైమాటే.

జనమంతా జలపాతం వైపే పరుగు. 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటే వెళ్లరా మరి! నేను మాత్రం దారిలో ఎర్రచందనం దగ్గర ఇంకాసేపు ఆగాను. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా, నల్లగా ఉంది. ఎరుపంతా లోపలే. ఇంత మామూలుగా కనిపించే చెట్టు కోసమా అంత స్మగ్లింగు?

సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టా. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "జలపాతం ఏదిరా?"