కాటన్ దొర సన్నాలకు కత్తెర పడ్డాక

మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 2000లో విడుదలైన ఎం.టి.యు. 1010, అంటే మన కాటన్ దొర సన్నాలు, డెల్టాలో దాళ్వా, అంటే రబీ వరి, వేసే ఎవరికీ పరిచయం అక్కర్లేని రకం. దీన్నే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జన్యువును కత్తెరతో కత్తిరించినట్టు మార్చే క్రిస్పర్ పద్ధతిలో సవరించి ‘పూసా డీఎస్టీ రైస్ 1’గా మార్చగా, 2025 మేలో కేంద్ర ప్రభుత్వం దాన్ని ప్రకటించింది.

ఇందులో మరో జీవి జన్యువు ఏదీ లేదు. వరిలో సహజంగా ఉండే డీఎస్టీ అనే జన్యువు కరవునూ ఉప్పునూ తట్టుకునే గుణాన్ని అణచి ఉంచుతుంది కనుక, దాన్ని పనిచేయకుండా చేస్తే ఆకు మీద నీరు ఆవిరయ్యే పత్రరంధ్రాల సంఖ్య తగ్గి, మొక్క నీటిని పొదుపుగా వాడుకుంటుంది. పరాయి జన్యువు లేని ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి 2022 మార్చిలోనే మినహాయించారు. పరాయి జన్యువు చొప్పించిన బీటీ వంకాయ సాగుకు 2010లో పడిన అడ్డు వీటికి పడకపోవడం శాస్త్రరీత్యా నాకు సబబుగానే తోస్తుంది. విత్తన సంచి మీద ఆ సంగతి రాయకపోతే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే తాను ఏం విత్తుతున్నాడో తెలుసుకునే రైతు హక్కు ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే పుట్టేది కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది జన్యువు కాదు, ఉప్పు. కోనసీమలోనూ నరసాపురం వైపూ చేలు చౌడుబారడానికి సముద్రపు పోటు ఒక్కటే కారణం కాదు. వరిచేల నడుమ తవ్విన రొయ్యల చెరువుల నుంచి ఉప్పునీరు ఊటగా పక్క చేలోకి దిగుతుంది, మురుగు కాలువల్లోకి వదిలిన నీరు మరికొంత చేస్తుంది. ఇన్నాళ్లూ చెరువు యజమానిని నిలదీయడానికి రైతు చేతిలో ఉన్న రుజువు ఎండిపోయిన పైరే. ఉప్పును ఓర్చే రకం వచ్చాక, ‘అది వేసుకోరాదా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. నష్టం చేసినవాడు తప్పుకుని, నష్టపోయినవాడే, అందులోనూ ఏటా కౌలు కట్టుకునే పేదరైతే, సర్దుకుపోవాల్సి వస్తుంది. పైరు ఓర్చుకున్నంత మాత్రాన ఊరి బావిలో నీరు తియ్యగా మారదు, పశువులు తాగే బోదె బాగుపడదు.

ఈ విత్తనాన్ని వద్దనను. దీన్ని తీరమండలాలకు ఇచ్చే ముందు ప్రతి చేను ఉప్పుశాతాన్ని కొలిచి నమోదు చేయాలని, చెరువుల అనుమతులకు ఈ రకాన్ని సాకుగా చూపరాదని వ్యవసాయశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. క్రిస్పర్ పేటెంట్ల కోసం విదేశీ సంస్థలు కోర్టుల్లో తగవులాడుకున్న సంగతి తెలిసిందే కనుక, పండిన గింజను దాచి మళ్లీ విత్తుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకిచ్చిన హక్కు ఈ రకానికీ వర్తిస్తుందని కూడా అదే కాగితంలో ఉండాలి.