సబ్ ఊఫర్ మోతతో మూడు నెలలు: నా హోమ్ థియేటర్ అనుభవం

నిన్న సాయంత్రం ఆరున్నరకి మా హాల్లో సబ్ ఊఫర్ (లోతైన బేస్ శబ్దాలిచ్చే స్పీకర్) హమ్మింగ్, అంటే గుయ్‌మనే మోత, ఆగిపోయింది. మూడు నెలల పదకొండు రోజుల తరవాత. ఆ సంతోషం ఇంకా తగ్గకముందే ఇదంతా రాసేస్తున్నాను. ఇదే బాధ పడుతున్నవాళ్లు ఎవరైనా చదివితే వాళ్ల డబ్బులైనా మిగులుతాయి.

పాటల పిచ్చి నాకు ఇవాళ్టిది కాదు. వరంగల్‌లో డిగ్రీ చదివే రోజుల్లో 4440 ఐసీ (ఆంప్లిఫయర్ చిప్), 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చి నా చేతులతోనే ఆంప్లిఫయర్ కట్టాను. సాయంత్రాలు హాస్టల్లో మా గది ముందు కుర్రాళ్లు ఆగి వినేవాళ్లు. ఉద్యోగం వచ్చాక హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి ఒక అసెంబుల్డ్ 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్) కొన్నాను. అది పద్నాలుగేళ్లు నడిచింది. మల్కాజిగిరిలో సొంత ఫ్లాట్‌లోకి మారాక 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న హాలు దొరికింది. ఇక ఆగలేకపోయాను. డెనాన్ రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్), ముందు రెండు టవర్లు, టీవీ కింద సెంటర్, సోఫాకి అటూ ఇటూ సరౌండ్లు, ఫాల్స్ సీలింగ్‌లో రెండు స్పీకర్లు, 12 అంగుళాల సబ్ ఊఫర్. దీన్నే 5.1.2 అంటారు. చివరి 2 అంటే నెత్తి మీద నుంచి శబ్దం ఇచ్చే ఆ రెండు స్పీకర్లు.

కొనడానికి ఒక రోజు, సీలింగ్‌కి రంధ్రాలు కోసి 14 గేజ్ వైరు లాగడానికి ఒక రోజు పట్టింది.

సబ్ ఊఫర్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి మాత్రం ఒక ఆదివారం మొత్తం ఖర్చు పెట్టాను. అందులో ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు. సబ్‌ని సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, మనం గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ఏ మూల బేస్ గుమ్ముగుమ్ముమని మోగిపోకుండా ఒకే తీరుగా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టాలి. మా ఇంట్లో అది బాల్కనీ తలుపు పక్కన కుదిరింది. అక్కడున్న త్రీ పిన్ సాకెట్‌లోనే ప్లగ్ పెట్టాను. ఈ సాకెట్ సంగతి గుర్తు పెట్టుకోండి.

రిసీవర్‌తో వచ్చిన మైకుని కూర్చున్న మనిషి చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టి 8 చోట్ల కొలతలు తీశాను. ఆ సమయంలో సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, వంటింట్లో కుక్కర్ కూడా ఉండకూడదు. అయ్యాక స్పీకర్లన్నిటినీ స్మాల్ అని పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇచ్చి (అంతకన్నా లోతైన శబ్దాలు సబ్‌కి వెళ్తాయి), సెంటర్‌ని 2 డెసిబెల్స్ పెంచాను. మాటలు అద్దంలా వచ్చాయి. ఆ రోజు నా సంతోషం అంతా ఇంతా కాదు.

అదే రాత్రి అందరూ పడుకున్నాక ఒక సినిమా పెట్టాను. నిశ్శబ్దంగా ఉండే సీన్ వచ్చింది. అప్పుడు వినిపించింది, గుయ్‌మని సన్నని మోత. పాజ్ చేసినా పోలేదు. వాల్యూమ్ సున్నాకి తెచ్చినా పోలేదు. రిసీవర్ ఆపేసినా అలాగే ఉంది. సబ్ మీద చెయ్యి పెడితే కోన్, అంటే స్పీకర్ ముందుండే గుండ్రటి పొర, సన్నగా వణుకుతోంది.

కొత్తది కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందేమో అనుకున్నాను. తెలిసి తెలిసి అలా అనుకోవడం నా తప్పే.

ఆ ఆదివారం అక్కా బావగారూ పిల్లలతో వచ్చారు. నెల రోజులుగా ఫోన్‌లో చెబుతూనే ఉన్నాను, మా ఇంటికి వచ్చి వినాలి బావగారూ అని. భోజనాలయ్యాక కర్టెన్లు వేసి, ఫ్యాన్ ఆపి, లైట్లు తీసేసి నాకు బాగా నచ్చిన వాన సీన్ పెట్టాను. వాన మొదలవడానికి ముందు అరనిమిషం ఏ శబ్దమూ ఉండదు. తరవాత మొదటి చినుకు సరిగ్గా నెత్తి మీద పడాలి. ఆ అరనిమిషంలో అందరికీ గుయ్‌మని మోతే వినిపించింది. బావగారు మా ఆవిడ వైపు తిరిగి, "మోటార్ ఆన్ చేసి మర్చిపోయారేమో చూడమ్మా, ట్యాంకు నిండిపోతుంది" అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. మా ఆవిడ లేచి వెళ్లి నిజంగానే స్విచ్ చూసొచ్చింది. రెండు లక్షల పైన పెట్టి కట్టిన సెట్టు ముందు కూర్చుని మా బావగారు విన్నది నీళ్ల మోటార్ శబ్దం! చినుకులు పడ్డాయి, పిల్లలు పైకి చూశారు. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను.

మర్నాడే సబ్ ఊఫర్ కంపెనీ సర్వీసు వాళ్లకి ఫోన్ చేశాను. నాలుగో రోజు ఒకాయన వచ్చాడు. పగలు పదకొండు గంటలు, బయట ట్రాఫిక్, ఇంట్లో ఫ్యాన్ తిరుగుతోంది. కోన్ మీద చెయ్యి కూడా పెట్టకుండా "నాకేం వినపడట్లేదు సార్" అన్నాడు. తరవాత మా అబ్బాయి ముందే, "నలభై దాటాక కొంతమందికి చెవిలో ఇట్లాంటి సౌండ్ వస్తది సార్, ఒకసారి చూపించుకోండి" అన్నాడు. నేను ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, అతన్ని సబ్ పక్కన కూర్చోబెట్టాను. అప్పుడు ఒప్పుకున్నాడు. సబ్ వెనక ఆర్‌సీఏ వైరు (రిసీవర్ నుంచి సబ్‌కి సిగ్నల్ తెచ్చేది) పీకాడు, మోత ఆగింది. "చూశారా, మా సబ్‌లో ఏం లేదు. మీ రిసీవర్ నుంచే వస్తోంది" అని విజిట్ చార్జి 590 రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు.

రిసీవర్‌ని సర్వీసుకి తీసుకెళ్లాను. తొమ్మిది రోజులు ఉంచుకుని, ఏ లోపమూ లేదని కాగితం రాసిచ్చారు. వాళ్ల తప్పేం లేదు, నిజంగానే దానిలో లోపం లేదు.

మళ్లీ సబ్ వాళ్ల దగ్గరికే వెళ్లాను. ఈసారి నేనే ఆటోలో సబ్‌ని మోసుకెళ్లాను. దాని బరువు తక్కువేం కాదు. కౌంటర్ మీద పెట్టి, పది మంది మాట్లాడుకుంటున్న హాల్లో ఒక పాట వేసి, "బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నారు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపించే స్పెక్ట్రమ్ యాప్‌తో ఫోన్‌లో తీసిన గ్రాఫ్ చూపించాను. 50 హెర్ట్జ్ దగ్గరా 100 దగ్గరా రెండు గీతలు నిటారుగా లేచి ఉన్నాయి. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. అంటే ఇది కరెంటు నుంచి వస్తున్న మోత అని ఆ గ్రాఫే చెబుతోంది. అక్కడి మేనేజర్ గ్రాఫ్ వైపు చూడను కూడా చూడలేదు. "ఇంటర్నెట్‌లో నాలుగు ముక్కలు చదివి మాకు చెప్పడానికి వస్తారు" అన్నాడు, వెనక నిలబడ్డ వాళ్లకి కూడా వినపడేటట్టు. ఇద్దరు నవ్వారు. ఇంకో 590 కట్టి రసీదు తీసుకుని వచ్చేశాను. తన వస్తువు గురించి కస్టమర్ రెండు ముక్కలు చదువుకుని వస్తే సంతోషించాల్సిన వాళ్లు, అవమానించి పంపిస్తారు. కౌంటర్ అవతల కూర్చున్నంత మాత్రాన చెవులు పెద్దవి కావు. ఆ రెండు రసీదులూ నా దగ్గరే ఉన్నాయి.

తరవాత ఒక ఆడియో షోరూమ్ ఆయన, వైరు నాసిరకం అయితే ఇలాగే ఉంటుందని చెప్పి 6,500 రూపాయల సబ్ ఊఫర్ కేబుల్ అంటగట్టాడు. ఇసుమంత తేడా లేదు. వెనక్కి తీసుకోనన్నాడు. ఖరీదైన కేబుల్ కొంటే హమ్మింగ్ పోతుందని ఎవరైనా అంటే, ముందు ఇంటికొచ్చి తగిలించి చూపించమనండి. పోతేనే డబ్బులిస్తానని చెప్పండి.

ఆ తరవాత వచ్చినవాడు మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్. సబ్ ప్లగ్గుకి ఉన్న లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను తగలకుండా పెట్టాడు. ఒక్కసారిగా మోత మాయమైంది! "ఎర్త్ పిన్ తీసేద్దాం సార్, అయిపోతుంది. అందరూ ఇట్లనే చేస్తారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా ఊళ్లో ఎండాకాలం ఎర్త్ లేని ఇనుప కూలర్ ముట్టుకుని ప్రాణం పోయిన మనిషిని చిన్నప్పుడు చూశాను. ఆ ఇంటి ముందు ఆ రోజు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లోపల ఎప్పుడైనా ఇన్సులేషన్ పోయి కరెంటు బాడీకి తగిలితే, మనిషికీ చావుకీ మధ్య ఉండేది ఆ ఎర్త్ పిన్నే. మా అమ్మకి 74 ఏళ్లు, తడి చేతులతో అన్నీ ముట్టుకుంటుంది. పాట కోసం ఎర్త్ పిన్ విరవకండి. ఎవరు చెప్పినా సరే. అతన్ని మర్యాదగానే పంపేశాను. కానీ అతని పుణ్యమా అని ఒక సంగతి తెలిసింది. ఎర్త్ తీస్తే మోత ఆగుతోందంటే, సబ్‌కి తన ఎర్త్ కాక ఇంకో దారిలో కూడా ఎర్త్ తగులుతోందన్నమాట. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. రెండు దారులూ కలిసి చుట్టు తిరిగితే, వాటి మధ్య వోల్టేజీ తేడా వల్ల వైరు పైపొరలో సన్నని కరెంటు పారుతుంది. సబ్ దాన్ని పాట అనుకుని పెంచి మనకి వినిపిస్తుంది.

కానీ ఆ రెండో దారి ఏది? నా రిసీవర్‌ది రెండు పిన్నుల ప్లగ్గు, దానికి ఎర్తే లేదు. టీవీదీ అంతే. అన్నీ ఒకే స్పైక్ గార్డ్‌కి మార్చి చూశాను. సబ్‌ని వంటింటి సాకెట్‌కి కూడా పెట్టి చూశాను. మల్టీమీటర్‌తో ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య కొలిస్తే 2 వోల్టులు కూడా లేదు, ఇంటి ఎర్తింగ్ బాగానే ఉంది. రాత్రి పన్నెండింటికి టార్చ్ వేసుకుని టీవీ వెనక కూర్చునేవాణ్ణి. ఆఫీసులో కూడా అదే ధ్యాస. ఒక దశలో సబ్ అమ్మేద్దామని కూడా అనుకున్నాను.

ఐదు రోజుల క్రితం అమ్మ సీరియల్‌లో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోందని కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేశాం. ఒక కుర్రాడు వచ్చి సెట్ టాప్ బాక్స్ వెనక కేబుల్ పిన్ను తిప్పి తీశాడు. నేను కుర్చీలో కాఫీ తాగుతున్నాను. మోత ఆగిపోయింది.

"తమ్ముడూ, మళ్లీ పెట్టు" అన్నాను. పెట్టాడు, గుయ్. "తియ్యి." ఆగింది. అలా నాలుగైదు సార్లు చేయించాను. "ఏమైంది అన్నా?" అన్నాడు పాపం.

అప్పుడు దారంతా కళ్లకి కట్టినట్టు కనిపించింది. కేబుల్ వైరు పైన ఉండే లోహపు జాలీ, అక్కణ్నుంచి సెట్ టాప్ బాక్స్, అక్కణ్నుంచి హెచ్‌డీఎంఐ వైరు మీదుగా రిసీవర్, అక్కణ్నుంచి ఆర్‌సీఏ వైరు మీదుగా సబ్, సబ్ నుంచి సాకెట్ ఎర్త్. బాక్స్ ఆఫ్‌లో ఉన్నా లోహం లోహమే కాబట్టి దారి తెగదు. అందుకే రిసీవర్ ఆపినా మోత పోలేదు. సర్వీసు సెంటర్ కౌంటర్ మీద కేబుల్ వైరు లేదు కాబట్టి అక్కడ మోతా లేదు. తీసిన కేబుల్ పిన్నుకీ సాకెట్ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే ఏసీ 30 వోల్టులు దాటి చూపించింది. కుర్రాడు నన్ను మేడ మీదకి తీసుకెళ్లి చూపించాడు. అక్కడున్న కేబుల్ ఆంప్లిఫయర్‌కి ఎర్తే ఇవ్వలేదు. వాళ్ల ఓనర్‌కి ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. చేయిస్తానన్నాడు, ఇంకా చేయించలేదు. మళ్లీ అడుగుతాను, ఎందుకంటే ఆ వైరు మా ఒక్క ఇంటికే కాదు, మొత్తం పాతిక ఫ్లాట్లకి వెళ్తోంది.

మందు చాలా చిన్నది. కేబుల్ వైరు మధ్యలో బిగించే ఐసోలేటర్, వేలెడంత ఉంటుంది. ఆన్‌లైన్‌లో 349 రూపాయలు. లోపలున్న కెపాసిటర్లు సిగ్నల్‌ని పంపి 50 హెర్ట్జ్‌ని ఆపేస్తాయి. నిన్న సాయంత్రం వచ్చింది, స్పానర్ కూడా అక్కర్లేదు, చేత్తో తిప్పి బిగించాను. అంతే.

డిష్ ఉన్నవాళ్లు మాత్రం ఇది కొనకండి. డిష్ దగ్గరుండే ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే భాగం) కరెంటు ఆ వైరులోంచే డీసీగా వెళ్తుంది, ఐసోలేటర్ పెడితే అది ఆగిపోయి బొమ్మే రాదు. వాళ్లు డిష్ వైరు ఇంట్లోకి వచ్చే చోట ఇంటి ఎర్త్‌కే కలిపించుకోవాలి. ఎవరికైనా హమ్మింగ్ ఉంటే ఏ సర్వీసుకీ ఫోన్ చేయకముందు ఇంట్లోకి వచ్చే కేబుల్ వైరు ఒక్కసారి పీకి చూడండి. పైసా ఖర్చు లేదు.

నిన్న రాత్రి అమ్మ కోసం ఘంటసాల పాటలు పెట్టాను. పాత పాటలు ఎక్కువగా మోనో రికార్డింగులే, సరౌండ్ మోడ్‌లో వేస్తే గొంతంతా సెంటర్ స్పీకర్‌లో ఇరుక్కుపోతుంది. స్టీరియోలో వేస్తేనే రెండు టవర్ల మధ్య మనిషి నిలబడి పాడినట్టుంటుంది. పాటకీ పాటకీ మధ్య ఖాళీలో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ కళ్లు మూసుకుని వింది. నేను పక్కనే కూర్చుని ఆ ఖాళీలు కూడా విన్నాను.

పొద్దున బావగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మోటార్ మాట ఆయనకి అసలు గుర్తే లేదు. "అలా అన్నానా?" అన్నారు. ఆదివారం వస్తామన్నారు. భోజనాలయ్యాక మళ్లీ అదే వాన సీన్ పెడతాను.